కథలో కల్పించిన రోగము



కోత పండుగ దాటి మంచు పడుట మొదలైనదంటే మన గ్రామ సంఘములలో యౌవనస్థుల సందడి ఆరంభమగును. పాటలు నేర్చుకొనువారు కొందరు, చుక్కకు రంగు కాగితములు అంటించువారు కొందరు, నాటకము వ్రాయుదునని మూలను కూర్చుండువారు ఒకరిద్దరు. గత నెలలో కామారెడ్డి ప్రక్క గ్రామమునుండి అట్టివాడొకడు నోటుపుస్తకము చంకను పెట్టుకొని నా యొద్దకు వచ్చెను. అతని నాటకములో ఒక ముసలివాడు కలడు. వానికి ఏదైన రోగము పెట్టవలెనని అతని కోరిక. ఏ రోగమో ఇంకను నిశ్చయించుకొనలేదు.

"అయ్యగారూ, లోకంల లేని రోగం ఒకటి కల్పించి పెట్టొచ్చునా? పెడితే అబద్ధమాడినట్టయితదా?" అని అడిగెను.

మరియొక చిక్కును కూడ మెల్లగా చెప్పెను. ముసలివాని వేషము వేయవలసిన పిల్లవాని తల్లి, కాలికి కట్టు కట్టనియ్యనని పట్టుబట్టినదట. తథాస్తు దేవతలుందురు, రోగమని నోట అనరాదు అన్నదట. క్రైస్తవ గృహములోనే సుమా! ఆ భయమును గూర్చి నేను ఎక్కువ వ్రాయను. కట్టు కట్టినందున రోగము రాదని ఆమెకును తెలియును. అయినను తల్లి తల్లియే. ఆ యువకుని ప్రశ్న మాత్రము అతడు టీ త్రాగి వెళ్లిన తరువాత కూడ నన్ను విడువలేదు. దానికి కారణము నా గతములోనే కలదు. ముందుకు చెప్పెదను.

కల్పించుట అబద్ధమా అను మాటను త్వరగా తీర్చవచ్చును. నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన దరిద్రుడు ఎక్కడను లేడు, వాని గొఱ్ఱెపిల్ల ఏ దొడ్డిలోను పుట్టలేదు. అయినను రాజు కన్నులు తెరచినది ఆ పుట్టని గొఱ్ఱెపిల్లయే. తెకోవనుండి వచ్చిన స్త్రీ యోవాబు నేర్పిన కథను దుఃఖవస్త్రములు ధరించి రాజు ఎదుట నడిపించెను. ఒక విధముగా అది నాటకమే. వీరిని అబద్ధికులని లేఖనము ఎక్కడను నిందింపలేదు. పైగా మన గుడి ఆవరణములో పెట్రోమాక్స్ దీపము క్రింద గాని, నేటి ట్యూబులైటు క్రింద గాని, ఆడునది నాటకమని పాలు త్రాగు బిడ్డ తప్ప అందరును ఎరుగుదురు.

రోగము సంగతి అంత తేలిక కాదు. మన ప్రభువే ఒక కథలో ఒక మనుష్యునికి రోగము పెట్టెను. లూకా 16వ అధ్యాయములో ధనవంతుని వాకిట పడియున్న లాజరును తలంచుకొనుడి. అది జరిగిన సంగతియా ఉపమానమా అని పెద్దలు వాదించుదురు. ఉపమానమనియే నా తలంపు. అట్లయితే ఆ కురుపులు చెప్పినవాడు కల్పించిన కురుపులే. ఆయన వాటిని ఎట్లు పెట్టెనో చూడుడి. ఎందుచేత వచ్చినవో చెప్పలేదు. రోగమునకు పేరు పెట్టలేదు గాని రోగికి పేరు పెట్టెను. ఆయన ఉపమానములన్నిటిలో, పితరుడగు అబ్రాహామును విడిచినయెడల, సొంత పేరు గల మనుష్యుడు అతడొక్కడే. ఆ కథలో తీర్పునొందినవాడు ఆరోగ్యముగా తిని త్రాగినవాడు. రోగము పాపమునకు కూలి అని నమ్ముచు వినుచుండినవారికి అది ఎంత తలక్రిందుగా తోచియుండునో!

అయినను ఆ కథలో లాజరు ఒక్క మాటయైనను పలుకడు. మొదటిసారి ఈ సంగతి గమనించినప్పుడు నాకు మనస్సులో ఏదో కలుక్కుమనెను. ఎందుకు పలుకడో నాకు తెలియదు. తరువాత జరిగినదేమనగా, ఐరోపా ఖండములో మధ్య యుగమున కుష్ఠరోగులను లాజరు పేరుతోనే పిలువసాగిరి. వారిని ఊరికి వెలుపల ఉంచిన ఇండ్లకును అతని పేరే పడెను. లూకా వ్రాసిన కథలో కుష్ఠమను మాటయే లేదు. చెప్పినవాడు పేరు పెట్టని రోగమునకు వినినవారు పేరు పెట్టుకొనిరి. ఇక నావంటి అల్పులు వ్రాసిన నాటకముల గతి ఏమి?

1994లో నేను ఎల్లారెడ్డి వైపు ఒక గ్రామ సంఘములో పని చేయుచుంటిని. ఆ సంవత్సరము క్రిస్మస్‌కు నేనే నాటకము వ్రాసితిని. గేహజీని మనస్సులో పెట్టుకొని, పేరాశగల ఒక గుమాస్తాను సృష్టించితిని. వాడు త్రాగును, బీదల సొమ్ము తినును, కన్న తల్లిని కాలితో తన్నును. చివరి రంగములో వానికి కుష్ఠరోగము వచ్చును. వేషగాని వ్రేళ్లకు గుడ్డపేలికలు చుట్టి, ముఖమునకు మైదాజిగురు పూసి దానిమీద కుంకుమ నీళ్లు చిలికితిమి. వాడు గ్లాసు పట్టుకొనలేక నీళ్లు ఒలుకబోసికొనగా పిల్లలు విరుగబడి నవ్విరి. తల్లి కాళ్లమీద పడగా స్త్రీలు కొంగుతో కన్నులు తుడుచుకొనిరి. పెద్దలు నాకు దండ వేసిరి. నేను సంతోషముగా ఆ దండ వేసికొంటిని.

మరునాడు ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు మా యింటికి వచ్చెను. గుడిలో ఎల్లప్పుడును వాకిలి దగ్గర చాప చివరను కూర్చుండెడి తల్లి. ఆమె చేతివ్రేళ్లు కురచవై వంగియుండెను. అంతకుముందు ఎన్నోమారులు ఆ చేతులకు ప్రభు భోజనము అందించినవాడనే. నాటకము వ్రాయునప్పుడు అవి నాకు జ్ఞాపకము రాలేదు. నమ్ముడి నమ్మకపొండి, ఒక్కమారైనను రాలేదు.

ఆమె అరుగుమీద కూర్చుండి, "అయ్యగారూ, నాటకం మంచిగనే ఉండె. ఒక్కటి అడుగుదామని వచ్చిన. మా అమ్మను నేనెన్నడు తన్నలే. మరి నాకెందుకు వచ్చింది?" అని అడిగెను.

నేను ఏదో చెప్పబోయితిని. ఆమె సాగనియ్యలేదు. "పన్నెండేండ్ల పిల్లనప్పుడు వీపు మీద మచ్చ వచ్చె. గిచ్చితే తెలుస్తలేకుండె. కల్లు ముట్టలే, ఎవల సొమ్ము తినలే. డిచ్‌పల్లి దవాఖానల ఉన్నప్పుడు నా అసోంటి పిల్లలు ఎందరో ఉండిరి. వాళ్లు గూడ ఎవలను తన్నలే."

కొంతసేపు ఊరకయుండి, లేచునప్పుడు ఆమె మరియొక మాట చెప్పెను. "ఇంకోటి. ఆ పిలగాడు గిలాస పట్టుడు తప్పు. మేము గట్ల ఒలుకబోసుకోం. ఇగో, గిట్ల పడతం." నా యెదుటనున్న గ్లాసును రెండు అరచేతులనడుమ ఇమిడ్చి, అందులో మిగిలిన టీ ఒక్క చుక్కయైనను తొణకకుండ ఎత్తి చూపెను. వేడి తెలియదు గనుక ముందు గ్లాసును మోచేతి పైభాగమునకు తాకించి చూచుకొనెను.

వారము గడువకముందే పిల్లలు నా గుమాస్తా పేరుతో ఆమెను వెక్కిరించుట నా చెవులతో వింటిని. ఆ వేసవిలో ఆమె మనుమరాలిని చూచుటకు వచ్చినవారు తిరిగిపోయిరి. అది నీ నాటకమువలననే అని ఎవరును నాతో అనలేదు.

ఆ డిచ్‌పల్లి సంగతి మన ప్రాంతములో పాతవారు ఎరుగుదురు. కామారెడ్డినుండి నిజామాబాదు పోవు రైలు దారిలోనే కలదు. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త జార్జి కెర్ గారును వెస్లియన్ మిషను పక్షమున 1907లో ఈ దేశమునకు వచ్చి, కుష్ఠరోగుల నిమిత్తము మొదట నిజామాబాదులో 1911లో ఒక ఆశ్రయము తెరచిరి. అది చాలకపోగా, రాజా నర్సాగౌడు అను హిందూ ధనవంతుడు ధారాళముగా ఇచ్చిన ద్రవ్యముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసెను. ఆ కాలమున మందనగా హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదితో ఎక్కించుట. బాధగల వైద్యము, నెలలు, సంవత్సరములు పట్టునది. తరువాత డాప్సోను బిల్లలు వచ్చెను. 1980 దాటినపిదప రెండు మూడు మందులు కలిపి ఇచ్చు పద్ధతి వచ్చి, ఆరు నెలలలోనో సంవత్సరములోనో నయమగుచున్నది. ఇప్పటికిని మన దేశములో ఏటేట లక్షకు అటు ఇటుగా క్రొత్త రోగులు బయటపడుచున్నారు. కావున ఇది పాత కథ అనుకొనరాదు. మచ్చ కనబడి దానికి స్పర్శ లేకున్నయెడల వెంటనే సర్కారు దవాఖానకు పోవలెను. అచ్చట మందు ఉచితము.

ఈ రోగము ఒక సూక్ష్మక్రిమి వలన కలుగునని నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. నూటికి తొంబదిమందికి మించి మనుష్యులకు దీనిని తట్టుకొను శక్తి పుట్టుకతోనే కలదు. వ్రేళ్లు వాటంతట అవి రాలిపోవు. నరములు చచ్చి నొప్పి తెలియనందున కాలుట, కోసికొనుట, పుండ్లు పడుట జరిగి కురచబారును. వేలూరులో పాల్ బ్రాండ్ అను మిషనరీ శస్త్రవైద్యుడు ఈ సంగతిని ఓపికతో పరిశీలించి లోకమునకు తెలియజెప్పి, వంగిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేయు మార్గము చూపెను. ఆమె గ్లాసును మోచేతికి తాకించుకొనుట ఎందుకో నాకు ఈ సంగతులు చదివిన తరువాతనే అర్థమయ్యెను.

నాకు ఆ గుమాస్తా ఎక్కడనుండి వచ్చెను? గేహజీనుండి అని నాతో నేను చెప్పుకొంటిని గాని నిజము వేరు. నేను బాలుడనై యుండగా ఒక రాత్రి "రక్తకన్నీరు" నాటకము చూచితిని. అది తమిళములో మొదలైనది. ఎం.ఆర్. రాధా గారు ఆడి పేరుపొందగా 1954లో చలనచిత్రముగా కూడ వచ్చెను. తెలుగులో నాగభూషణము గారు దానిని ఊరూర ఎన్ని మారులు ఆడిరనగా, ఆ నాటకము పేరు ఆయన ఇంటిపేరువలె అతుకుకొనిపోయెను. తల్లిని భార్యను లక్ష్యపెట్టక వేశ్య ఇంట ధనము పోగొట్టుకొనిన గర్విష్ఠికి చివరకు కుష్ఠరోగము వచ్చును. ఆ నటన గొప్పది, ఆ వ్యంగ్యము గొప్పది. దానిని చూచి త్రాగుడు, తిరుగుడు మానినవారుండవచ్చును. వ్రాసినవారికి రోగులయందు ద్వేషముండెనని నేను అనను. నాకును లేదు. కాని వేశ్య ఇంటికి పోయినందున కుష్ఠము రాదు. అది ఆ త్రోవను వచ్చు రోగమే కాదు. కాబట్టి ఆ రంగముమీద కనబడినది లోకములో లేని రోగము. దానికి లోకములో నున్న రోగము పేరు పెట్టిరి. నేనును అదే చేసితిని.

ఇది నాటకశాలతో ఆగిపోయినదా? మన క్రైస్తవుల విడాకుల చట్టము 1869 నాటిది. అందులోను, హిందువుల వివాహ చట్టములోను కుష్ఠరోగము విడాకులకు కారణముగా వ్రాయబడియుండెను. మందు దొరికి నయమగు కాలము వచ్చిన తరువాత కూడ ఆ మాట నిలిచియుండి, 2019లో గాని పార్లమెంటు దానిని తీసివేయలేదు.

కొందరు పాఠకులు అడుగుదురు: గేహజీకి, మిర్యాముకు, ఉజ్జియా రాజునకు శిక్షగానే రాలేదా? వచ్చెను. నేను దానిని దాచను. అయితే గేహజీ కథ వ్రాయబడిన అధ్యాయములోనే నయమాను కలడు. అతడు ఘనుడు, పరాక్రమశాలి, యజమానునిచేత గౌరవింపబడినవాడు. అతనికి ఆ రోగము ఎందుకు వచ్చెనో అక్కడ ఒక్క మాట లేదు. మరియు లేవీయకాండము 13, 14 అధ్యాయములు చదివినవారు, ఆ కుష్ఠుపొడ బట్టలకును ఇంటి గోడలకును కూడ పట్టుటను చూచియుందురు. మన డిచ్‌పల్లి రోగము గోడలకు పట్టదు గదా! హెబ్రీ భాషలో ఆ మాట అనేక విధములైన చర్మవ్యాధులకు, బూజువంటి మచ్చలకు చెప్పినది. మన భాషలోనికి తెచ్చినప్పుడు మనము ఎరిగిన రోగము పేరు దానికి పడెను. తర్జుమా చేసినవారిని తప్పు పట్టుట నా పని కాదు. అయినను ఆ ఒక్క పేరు ఎన్ని ఇండ్ల వాకిండ్లు మూయించెనో ఆలోచించినప్పుడు భయము కలుగును.

ఈ విషయములో నా కన్నులు తెరచినది యోబు గ్రంథము. యోబు దేహమంతట కురుపులు నిజమైనవి. వాటిని ఎవరును కల్పింపలేదు. స్నేహితులు కల్పించినదేమి? 22వ అధ్యాయములో ఎలీఫజు మాటలు మరల చదువుడి. యోబు దప్పిగొన్నవానికి నీళ్లియ్యలేదని, విధవరాండ్రను వట్టిచేతులతో పంపివేసెనని, ఒకటి తరువాత ఒకటి వరుసగా చెప్పును. ఇవేవియు జరుగలేదు. రోగము కనబడినది గనుక దానికి తగిన గతమును ఎలీఫజు కూర్చి పెట్టెను. నేను 1994లో చేసిన పనియు ఇదే, ముందు వెనుకలు మార్పు తప్ప. నేను ముందు పాపము వ్రాసి తరువాత రోగము తగిలించితిని. ఆ తల్లి చేతులు చూచినవారు ఆ రోగమునుండి వెనుకకు పోయి ఆమె చేయని పాపమును వెదకికొనిరి. గ్రంథము చివర దేవుని కోపము రగులుకొన్నది ఆ స్నేహితులమీద. రోగిమీద కాదు. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి, వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని అడిగినదియు ఎలీఫజు ప్రశ్నయే. ప్రభువు ఆ రెండును కావనెను.

కాబట్టి ఆ యువకుని ప్రశ్నకు నా యుత్తరము ఇది: రోగమును కల్పించుటలో నాకు దోషము కనబడదు. కారణమును కల్పించునప్పుడే చేయి వణకవలెను. పేరులేని రోగము పెట్టినయెడల నిజముగా ఉన్నవాని పరువు పోదు, అంతమట్టుకు మంచిదే. రాజు కథలో ఏడు సముద్రముల అవతల ఎవరికో నీలిరంగు జ్వరము వచ్చెనని చెప్పిన ముసలమ్మను ఎవరు తప్పు పట్టుదురు? అయితే కల్పించిన రోగమునకు వంగిన వ్రేళ్లో, కుంటి నడకయో, నత్తి మాటయో తగిలించి, పేరొక్కటి మార్చినంతమాత్రమున మన ఊరివారు మోసపోరు. ఎవరిని చూచి వ్రాసితివో ఇట్టే గుర్తించి, తెల్లవారగానే వానికి ఆ పేరు పెట్టుదురు. అసలు మన గ్రామములలో కుంటి ఎల్లయ్య, గుడ్డి రాజవ్వ అని పిలుచుటకు నాటకము అవసరమే లేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు పట్టా పుస్తకములోను బాప్తిస్మపు రిజిస్టరులోను మిగులును, అంతే.

కల్పించిన రోగమునకు మరియొక చెడ్డ గుణము కలదు. అది వ్రాసినవాని మాట వినును. తలకు దెబ్బ తగిలి మతి పోవును, మరల దెబ్బ తగిలి తిరిగి వచ్చును. గ్రుడ్డి కథానాయికకు చివరి పాట ముందు చూపు వచ్చును. సినిమావారు అట్లు చేసినయెడల నవ్వుకొని పోవచ్చును. మన నాటకములలో చివరి రంగమున ప్రార్థన చేయగానే కుంటివాడు గంతులు వేయునప్పుడు, ఎదుట చాపమీద ఇరువది సంవత్సరములుగా ప్రార్థించుచున్న పోలియో కాలు గలవాడు కూర్చున్నాడని వ్రాసినవాడు తలంచునా? స్వస్థత లేదని నేను అనుట లేదు. పౌలునకు ముల్లు తీసివేయబడలేదు. ఆ ముల్లు ఏ రోగమో కూడ ఆయన చెప్పలేదు. కండ్ల జబ్బనియు, మలేరియా అనియు, మూర్ఛయనియు తరువాతివారు తలా ఒకటి కల్పించుచునే యున్నారు.

మన దేశపు సుప్రీంకోర్టు 2024 జూలైలో ఇచ్చిన ఒక తీర్పు ఇచ్చట జ్ఞాపకము చేయదగినది. ఒక హిందీ చలనచిత్రములో అంగవైకల్యము గలవారిని హేళనగా చూపిరని ఒకరు వేసిన దావాలో న్యాయమూర్తులు చెప్పినదేమనగా, వైకల్యమును చూపువారు దానిని గూర్చి నిజము తెలిసికొని చూపవలెను, కించపరచు మాటలు విడువవలెను, ఆ స్థితిలో నున్నవారినే ఆలోచన అడుగవలెను. రేచీకటిని ఉదాహరణగా ఎత్తి చెప్పిరి. మన పల్లెలలో రేచీకటి వేషము ఎప్పుడును నవ్వు వేషమే గదా. ఢిల్లీలో పండితులైన న్యాయమూర్తులు చెప్పిన ఆ చివరి సంగతిని, చదువురాని ఒక తల్లి ముప్పది సంవత్సరముల ముందే మా అరుగుమీద గ్లాసు పట్టి చూపెను. ఆమె ఇప్పుడు లేదు. ఆమెను క్షమాపణ అడిగితిని. "అయ్యో, గంత మాటెందుకు అయ్యగారూ" అనెను గాని, ఆ తరువాతి క్రిస్మస్ రాత్రి నాటకమునకు ఆమె రాలేదు.

ఆ యువకుని సంగతి. మరల వచ్చినప్పుడు, "నీ ముసలివానికి రోగము ఎందుకయ్యా?" అని అడిగితిని. చాలసేపు ఆలోచించి, "రోగం లేకపోతే జనం ఏడ్వరు గద అయ్యగారూ," అని నిజము చెప్పెను. వాడు ఏమి పని చేయును, ఎవరితో పోట్లాడును, ప్రొద్దున లేచి ఏమి తినును అని అడుగగా ఒకదానికిని జవాబు లేదు. నోటుపుస్తకము నిండ వాని దగ్గులు, మూల్గులు మాత్రము కలవు. నేను ఆ తల్లి సంగతి అతనికి చెప్పి పంపితిని.

రెండు వారములకు మరల వచ్చెను. లింగంపేట వైపు అతని మేనమామ ఒకడు మేకలు కాయును. షుగరు జబ్బుతో కాలి పుండు మానక సంవత్సరములుగా కట్టుతోనే తిరుగుచున్నాడు. ఇతడు పోయి రెండు దినములు ఆయనతో మేకల వెంట తిరిగి వచ్చెనట. ఇప్పుడు నాటకములోని ముసలివాడు మేకల కాపరి. నోటి దురుసువాడు, దుకాణములో అప్పు గలవాడు, మనుమనికి తప్ప ఎవరికిని లొంగనివాడు. కాలికి పుండున్నది, ఎందుకున్నదో నాటకములో ఎవరును అడుగరు. కథ మొత్తము చదివి వినిపించగా మేనమామ రెండు తప్పులు దిద్ది, ఒక షరతు పెట్టెనట: "ఆఖరికి నన్ను ఎగిరి దుంకనియ్యకు. మేకలను తోలుకపోనియ్యి, సాలు."

ఇరువది నాలుగవ తేదీ రాత్రి ప్రదర్శన. ఆ పిల్లవాని తల్లి కట్టు కట్టుటకు ఇంకను ఒప్పుకొనలేదు గనుక వేషము తానే వేయుచున్నాడు. మేనమామ తన చేతికఱ్ఱ ఇచ్చి పంపినాడట, మరునాడు తెల్లవారుసరికి తిరిగి తేవలెనని చెప్పి.